నేరం ఒప్పించటం: ఒక చిత్రమూ, మన చరిత్రా

కోస్టా గావ్రాస్ అనే దర్శకుడు 1970లో ఫ్రాన్సులో ఒక చిత్రం తీశాడు. దాని పేరుకు తెలుగులో ‘ఒప్పుకోలు’ అని అర్థం చెప్పుకోవచ్చు. కొంతకాలం కిందట మా కోటలో పదిమందిమి మిత్రులం ఒక యింట చేరి ఈ చిత్రం చూశాం. చూసిన తరవాత చాలాసేపు వాదించుకున్నాం. ఒక మిత్రుడు ఈ చిత్రం శత్రువులకు ఆయుధమనీ, ఇటువంటివి ప్రదర్శించి మన కంట్లో మనమే పొడుచుకుంటున్నామనీ అన్నాడు. మరొకాయన, ఎక్కడో చెకోస్లొవేకియాలో డెబ్భై ఏళ్ళ కిందట జరిగినదానితో మనకేం పని అన్నాడు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అంతా విని, “ఏందబ్బయా, ఇదంతా మీకు కొత్తగా ఉందా? నా ఉద్యోగమంతా ఈ కాయితాలు కట్టలు కట్టడంతోనే సరిపోయింది గదా” అన్నాడు.

ఆయన ఆ మాట అని లేచి వెళ్ళిపోయినాడు. నేను మాత్రం దాన్ని వదలలేకపోయినాను. ఈ వ్యాసం ఆ మాటకు వివరణే.

ముందు చిత్రం సంగతి చెప్పాలి. దీనికి ఆధారం ఆర్తుర్ లండన్ 1968లో ప్రచురించిన స్వీయానుభవ గ్రంథం. లండన్ చెకోస్లొవేకియా కమ్యూనిస్టు. స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టులతో పోరాడాడు. ఫ్రాన్సులో నాజీలకు వ్యతిరేకంగా రహస్యోద్యమంలో పనిచేసి, పట్టుబడి, మౌత్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో చావు తప్పించుకున్నాడు. యుద్ధం ముగిసిన తరవాత స్వదేశంలో విదేశాంగ ఉపమంత్రి అయినాడు. 1951 జనవరిలో అతన్ని అరెస్టు చేసినవారు నాజీలు కారు, అతను ఏ ప్రభుత్వం కోసం జీవితమంతా పోరాడాడో ఆ ప్రభుత్వమే.

1952 నవంబరు 20 నుంచి 27 దాకా ప్రాగ్ నగరంలో విచారణ జరిగింది. ముద్దాయిలు 14 మంది. వారిలో పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉండిన రుడాల్ఫ్ స్లాన్‌స్కీ ఒకడు. 14 మందిలో 11 మంది యూదులు. అందరూ తాము దేశద్రోహులమనీ, సామ్రాజ్యవాదుల గూఢచారులమనీ తమ నోటితోనే చెప్పారు. 11 మందిని డిసెంబరు 3న ఉరితీశారు. లండన్‌కూ మరి ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. 1963లో ఆ తీర్పులను ఆ దేశపు న్యాయస్థానమే రద్దు చేసింది. అప్పటికి ఉరితీసినవారి చితాభస్మం కూడా మిగల్లేదు. దాన్ని మంచు కప్పిన రోడ్డు మీద చల్లేశారు.

చిత్రంలో లండన్ పాత్రను ఈవ్ మోంతాన్ ధరించాడు. ఆ మనిషిని కొట్టి చంపే దృశ్యాలేవో ఉంటాయని ఎదురుచూసే ప్రేక్షకుడికి ఆశాభంగం కలుగుతుంది. కొట్టటం కొద్దిగానే ఉన్నది. ఎక్కువ భాగం నడక. కొట్లో కూర్చోవటానికి వీల్లేదు, పడుకోవటానికి వీల్లేదు, రాత్రీ పగలూ నడుస్తూనే ఉండాలి. కళ్ళకు నల్ల అద్దాలు కట్టి తిప్పుతారు. మెడకు ఉరితాడు తగిలించి బెదిరిస్తారు. నిద్ర లేని మనిషి ముందు కాగితం పెట్టి, “నీవు ఫలానావాణ్ణి ఎరుగుదువా లేదా?” అని అడుగుతారు. ఎరుగుదును అంటాడు. అది నిజమే. మర్నాటికి కాగితంలో ఆ ‘ఎరగటం’ ‘సంబంధం పెట్టుకోవటం’ అవుతుంది. ఆ ఫలానావాడు గూఢచారి అని వేరొక కాగితంలో ఉంటుంది. రెండు కాగితాలూ కలిపితే లండన్ గూఢచారి అవుతాడు. అబద్ధం ఒక్కసారిగా చెప్పమంటే ఎవడూ చెప్పడు. నిజాన్ని కొంచెం కొంచెంగా వంచుకుంటూ పోతే చివరికి మనిషి తాను ఎక్కడ సంతకం పెట్టాడో తనకే తెలియదు.

దీనికి తోడు మరొక సాధనం ఉన్నది. “పార్టీ నిన్ను అడుగుతున్నది. పార్టీ మీద నీకు విశ్వాసం ఉంటే ఒప్పుకో” అంటారు. అతని విశ్వాసాన్నే అతని మెడకు తాడుగా చేశారు. తరవాత ముద్దాయిలు ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టారు. విచారణకు ముందు కడుపునిండా తిండి పెట్టి, పాలిపోయిన మొహాలకు దీపాలతో రంగు తెప్పించారు. కోర్టులో ఓటో ష్లింగ్ అనే ముద్దాయి చేతులు కదిపి మాట్లాడుతుంటే, జైల్లో చిక్కిపోయిన మనిషి గనక, ప్యాంటు జారిపోతుంది. అందరూ నవ్వుతారు. ముద్దాయిలూ నవ్వుతారు. ఆ నవ్వుతున్నవారిలో ఎక్కువమందిని మరి కొద్ది రోజులలో ఉరితీయబోతున్నారు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది కోర్టు దృశ్యం కాదు. లండన్ భార్య భర్త ఒప్పుకోలును రేడియోలో విన్నది. ఆమె కూడా కమ్యూనిస్టే. విని, అతని నోటితో వచ్చిన మాట గనక నమ్మింది. నమ్మి, అతన్ని ఖండించింది. ఒప్పుకోలు ప్రయోజనం ఇక్కడ బయటపడుతుంది. న్యాయమూర్తికి దాని అవసరం లేదు, తీర్పు ముందే తయారుగా ఉన్నది. దాని అవసరం బయట వింటున్న జనానికి ఉన్నది. ఒప్పుకోలు లేకపోతే జనం ‘నిజమేనా?’ అని అడుగుతారు. ఒప్పుకోలు ఉంటే అడగరు.

ఈ చిత్రం శత్రువులకు ఆయుధమన్న మిత్రుడికి నా జవాబు ఇది. ఇదే దర్శకుడు 1969లో గ్రీసు దేశపు మితవాద హంతకుల మీద ‘జెడ్’ తీశాడు. 1972లో లాటిన్ అమెరికాలో అమెరికావాళ్ళు నేర్పిన చిత్రహింసల మీద ‘స్టేట్ ఆఫ్ సీజ్’ తీశాడు. లండన్ జైలునుంచి బయటికి వచ్చిన తరవాత కూడా సోషలిజాన్ని వదలలేదు. తన గాయాన్ని దాచుకున్నవాడికంటే చూపించినవాడే ఆ ఉద్యమానికి ఎక్కువ మేలు చేశాడు. అభ్యుదయ రచయితలు ఈ చిత్రానికి భయపడవలసిన పని లేదు. భయపడితే, లండన్‌ను ఖండించిన సభలలో చేతులెత్తినవారి పక్కన మనమూ నిలబడ్డట్టే.

దూరదేశపు గొడవ మనకెందుకన్న రెండో మిత్రుడికి జవాబు గుంటూరులో ఉన్నది.

2015లో వెట్రిమారన్ అనే తమిళ దర్శకుడు ‘విసారణై’ అనే చిత్రం తీశాడు. అది మన ‘విచారణ’ అన్న మాటే. వెనిస్ చిత్రోత్సవంలో దానికి ఆమ్నెస్టీ సంస్థ ఇటలీ శాఖవారి బహుమతి వచ్చింది. ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ బహుమతి కూడా వచ్చింది. దానికి మూలం ‘లాకప్’ అనే నవల. రాసినవాడు ఎం. చంద్రకుమార్, కోయంబత్తూరులో ఆటో నడుపుకునే మనిషి. పొట్ట చేతబట్టుకొని గుంటూరు వచ్చి పనిచేసుకుంటూ ఉండగా 1983లో అక్కడి పోలీసులు తననూ తన స్నేహితులనూ పట్టుకొని, చెయ్యని దొంగతనం ఒప్పుకోమని పెట్టిన బాధలను అతను నవలగా రాశాడు.

చిత్రం మొదటి సగం గుంటూరులోనే జరుగుతుంది. రాత్రిళ్ళు పార్కులో పడుకునే తమిళ కూలీలను పట్టుకుపోతారు. ఒక పెద్దింట్లో దొంగతనం జరిగింది. పైవాళ్ళు తొందరపెడుతున్నారు. కేసు మూయాలి. దొంగలు దొరకలేదు గనక దొరికినవాళ్ళే దొంగలు కావాలి. “ఒప్పుకోండి, కొద్ది నెలలలో బయటికొస్తారు” అంటారు. కుర్రవాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళు ఒప్పుకోకపోవటమే పోలీసులకు అర్థం కాని విషయం. దొంగతనం చేశారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. చివరికి కోర్టులో, వేరే పనిమీద వచ్చిన ఒక తమిళ పోలీసు అధికారి వాళ్ళ మాటను న్యాయమూర్తికి తెలుగులో చెబితే గాని వాళ్ళు బయటపడరు.

నేను ఈ చిత్రాన్ని మద్రాసులో బంధువుల యింట తమిళంలోనే చూశాను. మాది సరిహద్దుకు దగ్గర ప్రాంతం గనక తమిళం అర్థమవుతుంది. చుట్టూ ఉన్నవారందరూ తమిళులు. తెరమీద దెబ్బ తినేవాడు తమిళం మాట్లాడుతున్నాడు, కొట్టేవాడు తెలుగు మాట్లాడుతున్నాడు. పుట్టినప్పటినుంచీ నేను తియ్యనిదనుకుంటున్న భాష అక్కడ లాఠీ భాష. ఆ కుర్రవాళ్ళ చెవితో విన్నప్పుడు మన భాష ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. రెండో సగంలో కథ తమిళనాడుకు మారుతుంది. అక్కడి పోలీసులు అంతకంటే మంచివారేమీ కారు. కనక ఇది తెలుగువాడి దోషమో తమిళుడి దోషమో కాదు. దోషం ఎక్కడ ఉన్నదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మా కోటకు దగ్గరలో, సముద్రపు ఒడ్డున దుగరాజపట్నం ఉన్నది. మద్రాసులో కోట కట్టకముందే, 1626లో, ఇంగ్లీషు కుంఫిణీవాళ్ళు అక్కడ స్థావరం వేసుకున్నారు. అప్పుడు వాళ్ళు బట్టలు కొనుక్కోవటానికి వచ్చిన వర్తకులు. 1801లో నెల్లూరు సీమ వాళ్ళ పాలన కిందికి వచ్చింది. అప్పటికి వాళ్ళు శిస్తు వసూలు చేసే దొరలు. వాళ్ళు 1816లో చేసిన కట్టడి ప్రకారం శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు అధికారి కూడా అయినాడు. శిస్తు బాకీ ఉన్న రైతును పట్టుకొచ్చేదీ, దొంగతనం చేశాడన్నవాణ్ణి పట్టుకొచ్చేదీ అదే బంట్రోతు, అదే చావడి. వసూలుకు అలవాటుపడిన చెయ్యి విచారణకు కూడా అదే పద్ధతి వాడింది. రూపాయలు కక్కించినట్టే నేరాన్నీ కక్కించింది.

ఈ సంగతి 1854లో ఇంగ్లండు పార్లమెంటులో చర్చకు వచ్చింది. ఏమీ లేదని బుకాయించటానికి వీల్లేక మద్రాసు ప్రభుత్వం ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషను వేసింది. 1855లో వారు నివేదిక ఇచ్చారు. కమిషను పనిచేసింది కొద్ది నెలలే. రాష్ట్రం అప్పుడు గంజాం నుంచి తిరునల్వేలి దాకా ఉన్నది. రైలు లేదు. అయినా 1,959 ఫిర్యాదులు వచ్చాయి. వందలాదిమంది కాలినడకనో బండిమీదనో మద్రాసు చేరి స్వయంగా చెప్పుకున్నారు. రాలేనివారు ఎందరో ఊహించుకోవచ్చు.

ఆ నివేదికలో హింసల జాబితా ఉన్నది. చేతికీ కాలికీ తాడు బిగించి నెత్తురు ఆడకుండా చెయ్యటం, మీసాలు పట్టి పైకెత్తటం, చేతులు వెనక్కి విరిచికట్టి వేలాడదీయటం, బావిలో ముంచి ఊపిరి ఆడకుండా చెయ్యటం, కళ్ళలో మిరపకారం పెట్టటం, నిద్రపోనివ్వకపోవటం. ఈ చివరిదాన్ని పాఠకులు గుర్తుపట్టే ఉంటారు. ప్రాగ్ నిపుణులు కొత్తగా కనిపెట్టినదేమీ లేదు. అన్నిటికంటే ఎక్కువగా వాడినవి రెండు. ఒకటి, మెడకూ కాళ్ళకూ తాడు వేసి మనిషిని వంచి ఎండలో ఉంచటం, ఒక్కొక్కప్పుడు వీపు మీద రాయి పెట్టటం. రెండోది, రెండు చెక్కల మధ్య వేళ్ళు పెట్టి నొక్కటం. దీనికి తమిళంలో ‘కిట్టి’ అని పేరు చెప్పి, తెలుగు పేరు కూడా ఇంగ్లీషు అక్షరాలలో రాశారు. అది ‘చీరట’ అని కనిపిస్తుంది. మన భజనలలో వాయించే చిరతలే అయివుంటాయని నా ఊహ. రామభజనకు తాళం వేసిన చెక్కలే చావడిలో వేళ్ళు నలిపాయన్నమాట.

కమిషనువారు హింస ఉన్నదని ఒప్పుకున్నారు. న్యాయం కోసం పోవాలంటే దూరాభారమూ ఖర్చూ భరించలేక జనం ఊరుకుంటున్నారని కూడా రాశారు. కాని చివరకు ఏమన్నారంటే, జనం మొర తమ దేశస్థులైన కింది ఉద్యోగుల మీదనే గాని తెల్ల అధికారుల మీద కాదన్నారు. అంటే పాపం బంట్రోతుది, పుణ్యం దొరది. శిస్తు మొత్తం నిర్ణయించేది దొర, గడువు పెట్టేది దొర, వసూలు తగ్గితే తహసీల్దారు మీద మండిపడేది దొర. అది ఎట్లా వసూలయిందో మాత్రం దొరకు తెలియదు.

ఈ నివేదికను లండను నగరంలో కూర్చొని చదివినవారిలో కార్ల్ మార్క్స్ ఒకడు. 1857 సెప్టెంబరు 17న న్యూయార్కు డెయిలీ ట్రిబ్యూను పత్రికలో దాని మీద వ్యాసం రాశాడు. అప్పటికి ఉత్తర హిందూస్థానంలో తిరుగుబాటు సాగుతున్నది. సిపాయిల క్రూరత్వం గురించి ఇంగ్లీషు పత్రికలు గగ్గోలు పెడుతున్నాయి. మార్క్స్ ఆ పత్రికల ముందు మద్రాసు రైతును నిలబెట్టాడు. తన ప్రజలను ఇట్లా హింసించే పరాయి పాలకులను వెళ్ళగొట్టాలని ఆ ప్రజలు ప్రయత్నిస్తే అది న్యాయం కాదా అని అడిగాడు. మన తాతల ముత్తాతల వేళ్ళు నలిగిన సంగతి ఆ విధంగా ప్రపంచ చరిత్రలోకి ఎక్కింది. అదే మార్క్స్ పేరు చెప్పుకొని ప్రాగ్‌లో లండన్‌ను నడిపించినవారు ఈ వ్యాసం చదివి ఉండరు. చదివినా తమకు వర్తిస్తుందని అనుకొని ఉండరు.

నివేదిక వల్ల ఫలితం లేకపోలేదు. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి పోలీసును రెవిన్యూ నుంచి వేరుచేసింది. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు, పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్నది. 1872లో అదే సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లయింది. ఆ చట్టం తయారుచేసిన స్టీఫెన్ దొర తరవాత ఒక గ్రంథంలో ఒక విషయం రాశాడు. ఎండలో తిరిగి సాక్ష్యం వెతకటంకంటే నీడపట్టున కూర్చొని ముద్దాయి కళ్ళలో కారం రాయటం సుఖమైన పని అని ఒక అనుభవజ్ఞుడు తనతో అన్నాడట. ఒక ప్రభుత్వం తన సొంత పోలీసు మాటను నమ్మవద్దని తన కోర్టులకే చెప్పవలసి వచ్చిందంటే, ఆ పోలీసు ఎటువంటిదో ఆ ప్రభుత్వానికి బాగా తెలుసునన్నమాట.

కాని ముందువాకిలి మూసిన చట్టం దొడ్డిగుమ్మం తెరిచి ఉంచింది. అది 27వ సెక్షను. ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ సమాచారంలో అంతమట్టుకు సాక్ష్యంగా చెల్లుతుంది. అప్పటినుంచీ ‘కత్తి ఇక్కడ దాచాను, రండి చూపిస్తాను’ అనే వాక్యం మన పోలీసు రికార్డులలో వచ్చినంత తరచుగా మరే వాక్యమూ రాలేదు. ఈ సెక్షను మీద ఇప్పటికీ దేశమంతటా ఉదహరించే తీర్పు మన గుంటూరు జిల్లా కేసులో వచ్చినదే. పులుకూరి కొట్టయ కేసు అని దాని పేరు. 1946 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. దాచిన చోటు అతనికి తెలుసునన్నంతవరకే ఆ మాట పనికివస్తుందనీ, దానితో నేరం చేశానన్న మాట పనికిరాదనీ అన్నది. అట్లా కాకుండా ఆ మాట కూడా చెల్లుతుందంటే, దాన్ని చెప్పించే నేర్పు పోలీసులకు కొరవడదని కూడా అన్నది. 2024 జూలై 1న కొత్త సాక్ష్య చట్టం అమలులోకి వచ్చింది. ఈ మూడు సెక్షన్లూ అందులో 23వ సెక్షనుగా ఒకచోట చేరాయి. ముందువాకిలి మూసే ఉన్నది, దొడ్డిగుమ్మం తెరిచే ఉన్నది.

చట్టం ఇట్లా ఉండగా, కొందరి విషయంలో ఒప్పుకోలు కూడా అవసరం లేకపోయింది. నేరస్థ జాతుల చట్టం పేరుతో కుంఫిణీ వారసులు కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలన్నారు. మా నెల్లూరు జిల్లాలో కావలిలోనూ, బిట్రగుంట దగ్గర కప్పరాళ్ళతిప్పలోనూ ఎరుకలవారిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. యానాదులను అన్ని ఊళ్ళలోనూ అనుమానించారు. ఊళ్ళో కోడి పోయినా, బిందె పోయినా ముందు యానాది గుడిసె వెతకటం ఒక ఆచారమయింది. ఈ అన్యాయం మీద జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారు మా జిల్లావారే. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952లోనూ ఆ చట్టం పోయింది. చట్టం పోయినంత తొందరగా ఆచారం పోదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరవాత మన పాలకులు చేసినదేమిటి? 1855 కమిషను వల్ల వచ్చిన రక్షణను 1987లో టాడా చట్టం తీసేసింది. ఎస్.పి. హోదాగల పోలీసు అధికారి ముందు ఒప్పుకుంటే చాలు, అది సాక్ష్యమేనన్నది. 2002లో పోటా చట్టం మళ్ళీ అదే అన్నది. ఈ చట్టాలను మన రాష్ట్రంలో కన్నబిరాన్ వంటి న్యాయవాదులు ఎదిరించారు. టాడా 1995లో ముగిసింది, పోటాను 2004లో రద్దుచేశారు. తెల్లదొర కూడా నమ్మని పోలీసు ఒప్పుకోలును స్వతంత్ర ప్రభుత్వం నమ్మింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ చెబుతాను. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టలులో ఒక విద్యార్థిని హత్య జరిగింది. రాష్ట్రమంతా ఉడికిపోయింది. హంతకుణ్ణి పట్టుకోమని పోలీసుల మీద ఒత్తిడి వచ్చింది. 2008లో ఒక పేద దళిత యువకుణ్ణి తెచ్చి, నేరం ఒప్పుకున్నాడని ప్రకటించారు. 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని వదిలిపెట్టి, లక్ష రూపాయలు పరిహారం ఇమ్మన్నది. ఎనిమిదేళ్ళకు పైగా జైలులో ఉన్న మనిషికి ఏడాదికి పన్నెండున్నర వేలు కూడా పడలేదు. ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ ఇతను కాదంటూనే ఉన్నారు. నిజం తెలుసుకోవాలనే కోరిక అందరికంటే ఎక్కువగా ఉండవలసినవారు వారే గనక, వారికి ఒప్పుకోలుతో తృప్తి కలగలేదు.

సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో అరెస్టుకు నియమాలు పెట్టింది. 2020లో ప్రతి పోలీసు స్టేషనులోనూ కెమెరాలు పెట్టమన్నది. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. కెమెరాలు మంచివే. అయితే పై ఉదాహరణలన్నీ కలిపి చూస్తే వ్యాధి మూలం వేరే చోట ఉన్నదని తెలుస్తుంది. తహసీల్దారుకు వసూలు కావాలి. గుంటూరు ఇన్‌స్పెక్టరుకు కేసు మూసివేత కావాలి. ప్రాగ్ ప్రభుత్వానికి తన తప్పులకు బాధ్యులు కావాలి. ఎవరికి ఫలితం కావాలో వారి చేతిలోనే విచారణ ఉంటే, ఆ విచారణ ఒప్పుకోలుతోనే ముగుస్తుంది. ఇది మొదటి కారణం. రెండో కారణం మనం. ఆ కాగితాన్ని చూసి ‘నిజమేనా?’ అని అడగనివాళ్ళం.

ఇక్కడ నా సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

1980లలో నేను మా ప్రాంతంలో ఒక బడిలో అయ్యవారుగా ఉన్నాను. ఊళ్ళో ఒక మోతుబరి యింట్లో రెండు ఇత్తడి బిందెలు పోయాయి. వాళ్ళ దొడ్డికి కాపలా ఉండే యానాదిని పోలీసులు పట్టుకుపోయారు. మూడో రోజు సాయంత్రం ఒక కానిస్టేబులు నన్ను టీ అంగడి దగ్గర ఆపి, “అయ్యవారూ, ఇక్కడొక సంతకం పెట్టండి. మీరు చదువుకున్నోళ్ళు, మీ సంతకముంటే బాగుంటది” అన్నాడు. అది పంచనామా. ముద్దాయి తానే దారి చూపి, తాటితోపులో ఇసుక తవ్వి, మా ఎదుట రెండు బిందెలు తీసిచ్చినట్టు అందులో రాసి ఉన్నది. నేను ఏ తాటితోపుకూ పోలేదు. బిందెలు నేను చూడలేదు. సంతకం పెట్టి, టీ తాగి, ఇంటికి పోయినాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. అడిగారు, పెట్టాను.

తరవాత ఆ ఇంటి ఇల్లాలు మా ఇంట్లో ఆడవాళ్ళతో చెప్పింది: “అవి మా బిందెలు కావమ్మా. మావాటి మీద మా అత్తగారి పేరు చెక్కించి ఉంది. వీటి మీద ఏమీ లేదు. మా ఆయనేమో నోరు మూసుకొని తీసుకోమన్నాడు.” కోర్టులో ఈ సంగతి రాలేదు. నన్ను సాక్ష్యానికి పిలవనే లేదు. మేజిస్ట్రేటు అడిగితే ఆ మనిషి తప్పు చేశానని తలవంచాడట. కాదంటే కేసు సాగుతుందనీ, ఔనంటే త్వరగా ఇంటికి పోవచ్చుననీ అతనికి ఎవరో చెప్పారు. ముద్దాయి ఒప్పుకున్నాడు గనక సాక్షుల అవసరం లేకపోయింది. నా అబద్ధం పరీక్షకు నిలబడకుండానే చెల్లిపోయింది. మా పెద్దాయన కట్టిన కట్టలలో అటువంటి కాగితాలు ఎన్ని ఉన్నాయో!

నాలుగు నెలల తరవాత అతను తిరిగి వచ్చాడు. ఒకనాడు కాలవగట్టు మీద ఎదురుపడి, పక్కకు తప్పుకొని నిలబడ్డాడు. కోపంగా లేడు. “అయ్యోరా, తమరు చేవ్రాలు పెట్టిన కాయితంలో ఏం రాసినారు సామీ? నాకు చదివి చెప్పినోళ్ళు లేరు” అన్నాడు.

ఆ కాగితంలో ఏముందో నాకు తెలుసు. అతను ఏమేమి చేశాడని రాశారో, ఏమేమి మాట్లాడాడని రాశారో నాకు తెలుసు. అతని మాటలుగా రాసినవి అతనికి తెలియవు. నేను ఏదో పని ఉందని చెప్పి ముందుకు నడిచాను.

అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం ప్రాగ్ విచారణ మీదా, కుంఫిణీ చావడి మీదా, గుంటూరు లాకప్పు మీదా రాయవలసిందే. రాసేటప్పుడు కొట్టినవాడి పేరుతో ఆగిపోకూడదు. రేడియో విని నమ్మినవారూ, సభలో చేతులెత్తినవారూ, నివేదికలో పాపాన్ని బంట్రోతుకు పంచిపెట్టినవారూ, చూడకుండా సంతకం పెట్టినవారూ ఉన్నారు. వీరిలో చదువురానివారు తక్కువ. చదువురాని మనిషి అడిగిన ప్రశ్నకు నేను ఆనాడు ఇవ్వని జవాబు ఇది. అతను ఇప్పుడు లేడు.